కొట్టేసిన తొమ్మిది

ఆయన పోయిన రోజు నాకు రెండు రకాలుగా తెలిసింది. సిరొంచ బజారులో గోనెసంచులు కుట్టే మనిషి మంగళవారం అన్నాడు. అదే సాయంత్రం ఆష్టి నుంచి వచ్చిన లారీ డ్రైవరు గురువారం అన్నాడు. ఇద్దరూ ఒట్టు పెట్టినంత గట్టిగా చెప్పారు. నేను వాదించలేదు. నా చిన్న పుస్తకంలో రెండు రోజులూ రాసుకుని పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. ఆయనే ఉంటే ఇద్దరూ నిజమే చెప్పారనేవాడు. అలాంటి మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఒక మనిషి ఒక్కసారే కదా పోతాడు.

మా సేటు గోదాములో చింతపండు రుచి చూసి మార్కులు వేసే ముగ్గురిలో ఆయన ఒకడు. ఆ మార్కులు రాసి, కూడి, మూడుతో భాగించడం నా పని. నేను ఏడో తరగతి దాకా మరాఠీ బడిలో చదివాను. ఆ తర్వాత లెక్కలు ఎవరూ చెప్పలేదు, నాకు నేనే నేర్చుకున్నాను. అందుకే కావచ్చు, ఎవరైనా ఒక అంకె చెబితే దాని వెనక ఏముందో చూడకుండా ఊరుకోలేను.

ఏటా ఎండలు మొదలయ్యేసరికి అడవి ఊళ్ల నుంచి చింతపండు వస్తుంది. బయటి మసాలా కంపెనీ ఒకటి మా సేటు దగ్గర కొంటుంది. ముగ్గురూ పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. సగటు ఆరు వస్తే ఆ సరుకు కంపెనీకి పోతుంది. రాకపోతే వారం సంతలో ఎవరు ఎంతకు అడిగితే అంతకు వదులుకోవాలి. వరసగా మూడేళ్లు ఆరు రాని ఊరి సరుకు కంపెనీ ఇక ముట్టుకోదు. మొదటి నాలుక సేటుది. రెండోది కంపెనీ పంపిన మనిషిది. ఆయన్ను అందరం సాబ్ అనేవాళ్లం. మూడోది, ఇప్పుడు చనిపోయిన ఈయనది.

ఈయన రుచి చూసే తీరు వేరు. నేను చింతపండు తూచి, మోదుగాకు దొప్పలో గోరువెచ్చని నీళ్లు పోసి నానబెట్టి, పిసికి వడగట్టి ఇచ్చేవాణ్ణి. అందులోంచి ఒక చెంచాడు నోట్లో పోసుకునేవాడు. ఎడమ కన్ను మూసేవాడు. పెదవులు సన్నగా తెరిచి, పళ్ల సందుల్లోంచి గాలి లోపలికి పీల్చేవాడు. సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్న చప్పుడు వచ్చేది. తర్వాత పక్కనున్న రేకు డబ్బాలో ఉమ్మేవాడు. అసలు పని అప్పుడు మొదలయ్యేది. బొటనవేలితో మిగతా వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ, నోట్లో ఊట ఆగేదాకా కదలకుండా కూర్చునేవాడు. పులుపు ఎంత ఉంటే ఊట అంతసేపు ఊరుతుందని ఆయన లెక్క.

లెక్క అనేసరికి నాకు కొంత గౌరవం కలిగింది. ఇంట్లో నేనూ చేసి చూశాను. పొద్దున చేస్తే నలభై వచ్చింది. అదే చింతపండు అన్నం తిన్నాక చేస్తే డెబ్బై వచ్చింది. గౌరవం తగ్గింది. ఆయనకు ఎప్పుడూ ఒకే అంకె ఎలా వస్తుందన్న అనుమానం మిగిలింది.

పదికి పది ఎవరికీ వేయలేదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"పది ఏస్తె రేపటి సంది నాకేం పని ఉంటది, తమ్మీ?" అన్నాడు.

పరాచికమో, నిజమో ఆయన ముఖం చూసి చెప్పలేం. సాబ్ మాత్రం వక్క, పొగాకు కలిపి నలిపిన ఖర్రా దవడలో పెట్టుకునే దొప్ప ఎత్తేవాడు. ఈయన ఒకసారి చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా, "ముంగట గా ఖర్రా ఉమ్మేసి రాండ్రి, సాబ్. చింతపండు మీకేం పాపం జేసింది?" అన్నాడు. సాబ్ నవ్వి ఖర్రాను ఆ దవడ నుంచి ఈ దవడకు మార్చుకున్నాడు.

మా దగ్గరికి రాకముందు నాసిక్ దిక్కున ఒక వైను ఫ్యాక్టరీలో పదకొండేళ్లు స్టీలు ట్యాంకులు కడిగానని చెప్పేవాడు. మా జిల్లాలో మందు బంద్. ఇక్కడి మనిషి వైను ఫ్యాక్టరీలో చేసి వచ్చానంటే ఎవరైనా ఒకసారి దగ్గరికి పోయి వాసన చూస్తారు. నేనూ చూశాను. చింతపండు వాసన తప్ప మరేదీ రాలేదు. అదీ నాకు అనుమానంగానే తోచింది. సీసాలు దొంగిలిస్తే వెళ్లగొట్టారని బజారులో కొందరు అనేవారు. అసలు బల్లార్షా స్టేషను దాటి పోనేలేదని మరికొందరు అనేవారు. ట్యాంకు కడిగేముందు అడుగున మిగిలింది నోట్లో పోసుకుని, అక్కడికి వచ్చే పెద్దమనుషుల్లాగే ఉమ్మడం నేర్చుకున్నానని ఆయన చెప్పిన కథ. "పదకొండేండ్లు నోట్ల పోసుకున్న. ఒక్క గుటక మింగలే," అనేవాడు. ఈ మాట నమ్మినవాణ్ణి సిరొంచలో ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు.

ఆ ఫ్యాక్టరీ కథల్లో ఒకటి మాత్రం మళ్లీ మళ్లీ చెప్పేవాడు. షార్డొనే అనే తెల్ల ద్రాక్షతో ఒక ఏడు వైను చేశారట. కాయ పూర్తిగా ముదరకముందే కోశారు. కర్ర పీపాల్లో పోయకుండా స్టీలు ట్యాంకుల్లోనే ఉంచారు. దాంతో నీళ్లలా తేటగా, నాలుకకు తగిలితే చురుక్కుమనేంత పుల్లగా వచ్చింది. రుచి చూసి పత్రికలకు రాసేవాళ్లను పిలిచి పోశారు. వాళ్లు కాగితాల మీద మార్కులూ మాటలూ రాసిపోయారు. తర్వాత చెత్తబుట్టలో పడిన నాలుగు కాగితాలు ఈయన ఏరుకున్నాడు. ఇంగ్లీషు రాదు కనుక ఆఫీసు గుమాస్తాతో చదివించుకుని కంఠతా పట్టాడు.

మొదటి కాగితం: పచ్చి ఆపిలు కొరికినట్టుంది, నోరు శుభ్రపడింది, తొంభై ఒకటి. రెండోది: నిమ్మకాయ నీళ్లు సీసాలో పోసి అమ్ముతారా, డెబ్బై తొమ్మిది. మూడోది: చేపల కూరతో అయితే సరే, వట్టిగా తాగడం కష్టం, ఎనభై నాలుగు. నాలుగోది: తొందరపడొద్దు, రెండేళ్లు ఆగితే ఈ పులుపే దీన్ని నిలబెడుతుంది, ఎనభై ఎనిమిది.

సీసా ఒకటే. మార్కులు నాలుగు. నేను ఆ రాత్రి నిద్రపోకముందే కూడి భాగించాను. మర్నాడు ఆయన దగ్గరికి పోయి, సగటు ఎనభై అయిదున్నర వచ్చిందనీ, అదే ఆ వైను అసలు మార్కు అనీ చెప్పాను. 

"గా ఎనబై ఐదున్నర ఎవలు రాసిండ్రు? ఎవ్వలు రాయలే," అన్నాడు.

మరి నలుగురిలో ఎవరిది సరైనదని అడిగాను. నాలుగూ నిజమేనన్నాడు. నాకు ఇలాంటి జవాబు పనికిరాదు. ఆ తర్వాత నెలకోసారి ఏదో మాటలో పెట్టి ఆ అంకెలు మళ్లీ అడిగేవాణ్ణి. ఒక్కటి కూడా తప్పకుండా చెప్పేవాడు. నిజం చెప్పే మనిషి ఎక్కడో ఒకచోట తడబడతాడని నా అనుభవం. ఈయన తడబడలేదు. కథ అల్లి పెట్టుకున్నాడని నిశ్చయించుకున్నాను.

ఆయన వచ్చిన మొదటి ఏడే రాజుబాయి సరుకు తెచ్చింది. రేగుంట అవతల అడవిలో ఆమె ఊరు. గోండు మనిషి, అప్పటికి యాభై దాటి ఉంటుంది. పన్నెండు ఇళ్లవాళ్లు ఏరి, పెంకు తీసి, గింజ తీసిన పండును ఒక్క సరుకుగా తెచ్చేది. వాళ్ల చెట్లు గుట్టమీదివి. పండు ఎర్రగా, సన్నగా, చెవుల వెనక మంట పుట్టేంత పుల్లగా ఉంటుంది. సేటు తాగి ముఖం చిట్లించాడు. సాబ్ తాగి గొంతు సవరించుకున్నాడు. ఇద్దరూ దొప్ప ఖాళీ చేశారు. మా దగ్గర ఎదుటి మనిషి పెట్టినదాన్ని, ఆ మనిషి చూస్తుండగా ఉమ్మడం ఉండదు. నచ్చకపోయినా మింగాలి. ఈయన డబ్బా దగ్గరికి లాక్కుని ఉమ్మాడు.

రాజుబాయి లేచి సంచి మూతి కట్టడం మొదలుపెట్టింది.

"మేం ఇచ్చింది ఉమ్మితివి. ఇగ మా పండుతోని నీకేం పని?" అంది.

"అక్కా, జర ఆగు. గా ఇద్దరు మర్యాదకు మింగుతుండ్రు. ఐదో దొప్పకు వాళ్ల నాలుక పండుకుంటది. నేను మింగ. అందుకే నీ పండు సంగతి నేను జెప్త," అన్నాడు ఈయన. వేళ్ల మీద లెక్క ముగించి, తొమ్మిది అన్నాడు.

సేటు అయిదు వేశాడు. సాబ్ అయిదు వేశాడు. మొత్తం పంతొమ్మిది. మూడుతో భాగిస్తే ఆరు దాటుతుంది, సరుకు పోతుంది. నా కలం ఆగింది. ఇద్దరు పెద్దమనుషులు ఒకటే చెప్పగా మూడో మనిషి అంత ఎత్తున నిలబడితే అందులో ఏదో ఉండాలి. అక్కడికక్కడే నాకొక సూత్రం తట్టింది. మూడు అంకెల్లో ఒకటి మిగతా రెండింటికీ మూడుకు మించి దూరంగా ఉంటే అది ఒంటరి అంకె. దాన్ని కొట్టేసి, మిగిలిన రెండింటికే సగటు తీయాలి. సేటుకు వివరించాను. సాబ్‌కు హిందీలో వివరించాను. ఇద్దరికీ నచ్చింది. ఆ రోజు సేటు నన్ను మొదటిసారి కుర్చీలో కూర్చోమన్నాడు.

తొమ్మిది మీద ఎర్ర గీత గీశాను. సగటు అయిదు. పన్నెండు ఇళ్ల సరుకు సంతకు పోయింది. ఈయన నా భుజం మీదుగా వంగి చూసి, "గీత సక్కగ గీసినవ్, తమ్మీ," అన్నాడు. వెక్కిరింతేమోనని ముఖం చూశాను. ఏమీ దొరకలేదు.

మరుసటి ఏడూ అంతే. రాజుబాయి పండుకు వాళ్లిద్దరి అంకెలు కింద, ఈయన తొమ్మిది పైన, దాని మీద నా గీత. అయితే ఆ ఏడు నేను ఇంకోటి చూశాను. పొద్దున్నే మార్కులకు ముందు రాజుబాయి ఆయన చేతిలో ఆకు పొట్లం ఒకటి పెట్టింది. ఆయన అటూ ఇటూ చూడకుండా సంచిలో వేసుకున్నాడు. వారం తర్వాత ఇంకో పనిమీద వచ్చినప్పుడు కూడా ఇచ్చింది. పొట్లంలో ఏముందని సూటిగా అడిగాను.

"లంచం," అన్నాడు.

నిజంగా తీసుకునేవాడు అలా అంటాడా? దొరక్కుండా ఉండటానికి అలా అనేవాళ్లూ ఉంటారు. పుస్తకంలో రెండూ రాసుకున్నాను.

మూడో ఏడు ఆయన్ను పట్టుకోవాలని నిర్ణయించుకున్నాను. రాజుబాయి ఊరికి అదే ఆఖరి అవకాశం. ఆ ఏడూ ఆరు రాకపోతే కంపెనీ జాబితాలోంచి ఊరి పేరు పోతుంది. ఈయన ఎంత ఎత్తుకైనా వేస్తాడని నా అంచనా. ఆ రోజు వచ్చిన సరుకులు తొమ్మిది. నేను పది దొప్పలు పెట్టాను. మూడో దొప్ప, ఎనిమిదో దొప్ప రెండూ రాజుబాయి సంచిలోంచే, ఒకే తూకం, ఒకే నీళ్లు. గోనెపట్టా అడ్డం కట్టి, దాని వెనక నేనొక్కణ్ణే పిసికి వడగట్టాను. ఏ దొప్ప ఎవరిదో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకే పండుకు ఆయన రెండు రకాల మార్కులు వేస్తాడు, అప్పుడు ఆ ఊటా కణుపులూ అంతా నాటకమని సేటు ముందు తేలిపోతుంది. ఇదీ నా పథకం.

మూడో దొప్పకు సేటు అయిదు, సాబ్ అయిదు, ఈయన తొమ్మిది.

ఎనిమిదో దొప్పకు సేటు ఏడు, సాబ్ ఆరు, ఈయన తొమ్మిది.

నేను అంకెల్ని మూడుసార్లు చూశాను. ఏడు దొప్పలు మింగిన తర్వాత సేటుకూ సాబ్‌కూ ఆ పండు పులుపు సగం కూడా తెలియలేదు. తెలియలేదు కనుక నచ్చింది. ఉమ్మిన మనిషి నాలుక మాత్రం ఉన్నచోటే ఉంది. ఇక నా సూత్రం సంగతి. మూడో దొప్పలో తొమ్మిది ఒంటరి అంకె. కొట్టేస్తే సగటు అయిదు, సరుకు సంతకు. ఎనిమిదో దొప్పలో తొమ్మిదికి ఏడు దగ్గరే, ఆరు సరిగ్గా మూడు దూరం. కొట్టడానికి లేదు. మొత్తం ఇరవై రెండు, సగటు ఏడు దాటింది, సరుకు కంపెనీకి. ఒకే సంచిలోని పండు నా సూత్రంలో ఒకసారి తప్పింది, ఒకసారి నెగ్గింది. బయట రాజుబాయి, మరో నలుగురు ఆడవాళ్లు సంచులకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఫలితం చెప్పాల్సింది నేనే.

గోదాము వెనక కుళాయి దగ్గర ఆయన చెంచా కడుక్కుంటున్నాడు. నేను పోయి నిలబడ్డాను. ఆయన తల ఎత్తలేదు.

"మూడూ ఎనిమిదీ ఒక్కటే గదా, తమ్మీ," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవలు జెప్తరు? ఊట ఒక్క తీరుగ ఊరింది."

అది రాజుబాయి పండని కూడా తెలుసు కదా అన్నాను. తెలియదని అనలేదు, తెలుసనీ అనలేదు. నన్ను అడుగుతున్నావా, పట్టుకుంటున్నావా అన్నాడు. ఆ పొద్దున కూడా పొట్లం చేతులు మారడం నేను చూశానని చెప్పాను. అప్పుడు సంచిలోంచి తీసి విప్పి నా ముందు పెట్టాడు. చల్లారిన జొన్న గటక, రవ్వను ముద్దగా ఉడికించింది, సగం తిన్నది. దొప్పకూ దొప్పకూ నడుమ చిటికెడు నమిలితే నోరు కడిగినట్టవుతుందట. అందులో ఉప్పు ఉండకూడదు. సిరొంచలో ఎవరిని అడిగినా, ఉప్పు లేకుండా ఎలా ఇస్తామని కాస్త వేసే ఇస్తున్నారట. రాజుబాయి ఒక్కతే అడిగినట్టు వండి తెచ్చింది.

ఇది లంచమా, కాదా? తూకం చిన్నదే. ఇచ్చింది మాత్రం సరుకు తెచ్చిన మనిషి. నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆయన మాత్రం పొట్లం మాట వదిలేసి ఫ్యాక్టరీ మాట ఎత్తాడు.

"గా నాలుగు కాయితాలు నలుగురియి అనుకున్నవా? ఇద్దరియే. ఆడ గూడ నీ అసొంటి మేనేజర్ ఒకడుండె. ఒక్క సీసనే రెండు నంబర్లు ఏసి రెండు సార్లు పోసిండు. ఆపిలన్నోడు, నిమ్మకాయ నీళ్లన్నోడు ఒక్కడే."

 తొంభై ఒకటి, డెబ్బై తొమ్మిది. ఒకే నాలుక, ఒకే సీసా, గంట తేడా. చేపల కూర అన్నవాడూ, రెండేళ్లు ఆగమన్నవాడూ కూడా ఒక్కడేనట. మరి ఆ మేనేజరు ఏం చేశాడని అడిగాను.

"పరేషానైండు. గొడవైతదని నాలుగు కాయితాలు బుట్టల ఏసిండు. తెల్లారి కొత్తోళ్లను పిలిచిండు," అని చెంచా తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వేం జేస్తవో నాకు చెప్పకు."

లోపలికి వచ్చి పుస్తకం తెరిచాను. నిజం చెప్పాలంటే రెండు వరసలూ సేటు ముందు, సాబ్ ముందు పెట్టి, మీ నాలుకలు ఎనిమిదో దొప్పకు పనిచేయడం లేదని చెప్పాలి. అలా చెబితే ఆ రోజు మార్కులన్నీ రద్దు, రాజుబాయి మళ్లీ మొదటి దొప్పగా వస్తుంది, మళ్లీ అయిదూ అయిదూ. నేను మూడో వరసకు ఎదురుగా 'తూకం తప్పింది, లెక్కలోకి రాదు' అని రాశాను. నా చేతిలో తూకం తప్పడం అప్పటికి ఎన్నడూ లేదు. ఎనిమిదో వరసకు ఎదురుగా రాజుబాయి ఊరి పేరు రాశాను. బయటికి పోయి, పాసైందని చెప్పాను. ఆడవాళ్లు లేచి, కొంగులు బిగించి, సంచులు ఎత్తారు.

ఈయన నా పక్కకు వచ్చి పేజీ చదివాడు.  మిగిలిన గటక నా ముందుకు జరిపాడు. నిజంగానే ఉప్పు లేదు. తిన్నాను.

ఆ చింతపండు కాలం ముగిశాక సేటు నా పుస్తకం తిరగేశాడు. ఎర్ర గీతలు ఎక్కువగా ఒకే మనిషి అంకెల మీద ఉన్నాయి. సేటు చెడ్డవాడు కాడు, చూపించిందాన్ని చూశాడంతే.

"ఈయన ఏసేది, నువ్వు కొట్టేసేది. ఇగ ఈ మనిషి ఎందుకు మనకు?" అన్నాడు.

జవాబు నా దగ్గర ఉంది. ఒకే పండుకు ఆయన రెండుసార్లూ తొమ్మిది వేశాడు, మీరు అయిదూ ఏడూ వేశారు. ఆ మాట అంటే మూడో వరస విప్పాలి. విప్పితే తూకం తప్పలేదని తెలుస్తుంది, రాజుబాయి ఊరు జాబితాలోంచి పోతుంది. నా కుర్చీ కూడా పోతుంది. రెండు కారణాల్లో ఏది పెద్దదో నేను లెక్క వేయలేదు. వేయగలిగి ఉండీ వేయలేదు. పుస్తకం అందుకుని మూశాను, మర్నాడు సేటు ఆయన్ను పనిలోంచి మానిపించాడు.

ఆయన తన రేకు డబ్బా తీసుకోవడానికి వచ్చినప్పుడు నన్ను ఒక్కటే అడిగాడు, రాజుబాయి ఊరు లిస్టులో ఉందా అని. ఉందన్నాను. అయితే సరే అని, ఆష్టిలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయాడు. ఆయనకు పట్టింది ఆ పండా, ఆ ఊరా? పొట్లాల్లో ఎప్పుడూ గటకే ఉండేదా? ఈ ప్రశ్నలు నా పుస్తకంలో ఇంకా అలాగే ఉన్నాయి. కొట్టేయడానికి ఆధారం దొరకలేదు.

మూడో నాలుక కావాలి కనుక సేటు నన్నే కూర్చోమన్నాడు. రెండు కాలాలు గడిచాయి. నేను మింగుతాను. నా సూత్రం అలాగే అమలులో ఉంది. ఈ రెండు కాలాల్లో నా అంకె ఒక్కసారి కూడా ఒంటరిది కాలేదు. కారణం నాకు తెలుసు. సేటు చెబుతాడు, సాబ్ చెబుతాడు, తర్వాత నేను చెబుతాను.

ఈ ఏడు రాజుబాయి సరుకు మొదటి దొప్పగా వచ్చింది. సేటు అయిదన్నాడు. సాబ్ అయిదన్నాడు. నా నోట్లో ఊట తొంభై లెక్క దాటినా ఆగలేదు. తొమ్మిది అంటే ఎర్ర గీతే. ఎనిమిది అంటే మాత్రం దూరం సరిగ్గా మూడు, సూత్రం దాన్ని ముట్టుకోదు. మొత్తం పద్దెనిమిది, సగటు ఆరు, సరుకు పాస్. ఈ లెక్కంతా నోరు తెరవకముందే నా తలలో అయిపోయింది. సరిగ్గా చాలినంత ఎందుకు వేశావని, ఆమె నీకేమిచ్చిందని ఎవరైనా నన్ను అడుగుతారేమో అనిపించింది. అయిదు అన్నాను.

ఆయన చనిపోయాడని తెలిసిన కొన్ని రోజులకు చామోర్షిలో పని చూసుకుని వస్తూ, ఆష్టిలో సిరొంచ బస్సు కోసం కూర్చున్నాను. రాజుబాయి వచ్చి అదే బల్ల మీద ఆ చివర కూర్చుంది. ఆయన చెల్లెల్ని పలకరించి వస్తున్నానంది. పండు ఈసారి సంతలోనే పోయిందని, సగం ఇళ్లవాళ్లు వచ్చే ఏడు ఏరడం మానేస్తామంటున్నారని చెప్పింది. తర్వాత, నువ్వెంత వేశావని అడిగింది. అయిదని చెప్పాను.

"ఆయిన ఎప్పుడూ తొమ్మిది ఏసేటోడు," అంది. నిందగా అనలేదు. తెలియని సంగతి కనుక్కుంటున్నట్టు నా వైపు తిరిగింది. "చెట్లు అవ్వే గదా, తమ్మీ. పులుపెట్ల తగ్గింది?"

"తగ్గలే, అక్కా," అన్నాను.

ఇంకేమైనా అడుగుతుందని ఎదురుచూశాను.  బస్సు రావడానికి ఇంకా నలభై నిమిషాలు ఉంది.